అద్దాల మధ్య ఫైటర్ చేప

చిన్న కత్తెరకు యాభై దాటి కొన్నేళ్ళయింది. మీసంలో నలుపును వెతుక్కోవాల్సిన వయసు. అయినా ఆ వీధిలో అందరికీ ఆయన చిన్న కత్తెరే. పెద్ద కత్తెర, అంటే ఆయన తండ్రి, ఇంకా దుకాణానికి వస్తూనే ఉన్నాడు కాబట్టి ఆ బిరుదు ఖాళీ కాలేదు. వారసత్వంగా సెలూను వచ్చింది, తిరిగే కుర్చీలు వచ్చాయి, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. పేరు మాత్రం రాలేదు.

సెలూను వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. రైలుపెట్టెలో కూర్చున్నట్టే ఉంటుంది. రెండు గోడలకూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అద్దాలు. పెద్ద కత్తెర వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి వేయించినవి. వచ్చినవాడికి తన తల వెనకభాగం కూడా కనపడాలని, మనం ఏం కోశామో దాచుకోవలసిన ఖర్మ మనకెందుకని ఆయన వాదన. ఆ అద్దాల పుణ్యమా అని ఒక్కడు వచ్చి కూర్చున్నా దుకాణం నిండినట్టుండేది. గిరాకీ పల్చబడిన రోజుల్లో చిన్న కత్తెరకు అదే ఓదార్పు. కానీ పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు పీక్కుపోతున్న వేళ, ఎటు తిరిగినా తన వేలాడిన మొహమే ఎదురవడం ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. వెళ్ళి మొహం కడుక్కునేవాడు. తడిసిన మొహం కనపడేది, అంతే తేడా.

తండ్రికి మతిమరుపు మొదలైంది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ముందు కళ్ళజోడు మరిచిపోయాడు, తర్వాత వీధి మరిచిపోయాడు, ఒకరోజు స్టవ్ వెలిగించి ఎందుకు వెలిగించాడో మరిచిపోయాడు. చిన్న కత్తెర భార్య బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టడానికి పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక తండ్రిని తనతోపాటు సెలూనుకు తీసుకొచ్చి చివరి కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. తను నడిపిన దుకాణం, తెలిసిన మనుషులు, నాలుగు కబుర్లు. ఇంతకంటే మంచి చోటు ఆయనకు ఎక్కడుంటుంది అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు ఒకాయనకు గడ్డం గీస్తుంటే వెనక నుంచి తండ్రి గొంతు వినపడింది.

"ఒరేయ్, ఆ పెద్దాయన ఎంతసేపట్నుంచో కూర్చునున్నాడు. ముందు ఆయన సంగతి చూడు."

చిన్న కత్తెర తిరిగి చూశాడు. బల్ల మీద ఎవరూ లేరు.

"ఎవరు నాన్నా?"

తండ్రి వేలు అద్దం వైపు తిరిగింది. అందులో నెరిసిన గడ్డంతో, లోతుకు పోయిన కళ్ళతో ఒక ముసలాయన ఇటువైపే వేలు చూపిస్తూ కూర్చున్నాడు.

"అది నువ్వే నాన్నా."

ఆ మాట చిన్న కత్తెర తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నవ్వుతూ అన్నాడు, బతిమాలుతూ అన్నాడు, విసుక్కుంటూ అన్నాడు. తల వెనకభాగం చూపించడానికి వాడే చేతి అద్దం తెచ్చి తండ్రి మొహానికి దగ్గరగా పట్టుకుని, ఇదిగో నీ ముక్కు, ఇదిగో నీ చెవి అని పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. తండ్రి అద్దంలోకి చూసి గొంతు తగ్గించి, "ఇక్కడికి కూడా వచ్చాడు" అన్నాడు.

పెద్ద కత్తెర పనిచేసినంత కాలం వచ్చినవాణ్ణి వరస తప్పించకుండా చూసిన మనిషి. తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి కూడా పలకరించకుండా వదిలేవాడు కాదు. అలాంటి మనిషి ఎదుట ఒక ముసలాయన పొద్దస్తమానం కూర్చుంటాడు, ఎవరూ పట్టించుకోరు, పలకరిస్తే బదులు చెప్పడు. మొదట్లో "కాసేపు ఓపిక పట్టండి, అయిపోవచ్చింది" అని మర్యాదగా సర్దిచెప్పేవాడు. రానురాను మర్యాద పోయింది. చెయ్యెత్తితే అవతలివాడూ చెయ్యెత్తుతున్నాడు, అరిస్తే నోరు తెరుస్తున్నాడు. "వెక్కిరిస్తున్నాడురా నన్ను" అని తండ్రి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. గిరాకీలు మొదట నవ్వారు, తర్వాత ఇబ్బందిగా నవ్వారు, తర్వాత పక్క వీధిలో కొత్తగా పెట్టిన సెలూనుకు వెళ్ళడం మొదలుపెట్టారు.

"ఇంట్లో చూస్తే గంగిగోవులా ఉంటారు, మీ దగ్గరే ఎందుకండీ అలా చేస్తారు?" అంది భార్య.

చిన్న కత్తెరకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఈయన ఉండేది తిని పడుకునే వేళ కదా, అప్పుడు ఎవరైనా గంగిగోవులే అనుకున్నాడు.

ఆ భార్యే చేపను తెచ్చింది. ఫ్యాక్టరీలో పక్క మిషనావిడ ఇల్లు మారుతూ ఇచ్చేసిందట. బిస్కెట్ల సీసాలో ఒంటరి ఫైటర్ చేప. నీలం ఒళ్ళు, ఎర్రటి పెద్ద తోక. పట్టుచీర కుచ్చిళ్ళలా ఆ తోక నీళ్ళలో ఆడుతుంటే చూడముచ్చటగా ఉంది. "మావయ్యగారికి కాలక్షేపం. దాన్ని చూస్తూ కూర్చుంటారు" అంది. చిన్న కత్తెర ఆ సీసాను తండ్రి కుర్చీ ఎదుట, పౌడరు డబ్బాలూ స్ప్రే సీసాలూ ఉండే గట్టు మీద, అద్దానికి ఆనించి పెట్టాడు.

పెట్టిన క్షణంలోనే చేప విశ్వరూపం చూపించింది. మొప్పలు విప్పి మెడ చుట్టూ పట్టీలా నిలబెట్టింది. రెక్కలన్నీ బిగదీసి అద్దం మీదికి ఉరికింది. వెనక్కి తిరిగితే ఎదురు గోడ అద్దంలో ఇంకొకడు. మళ్ళీ ఇటు ఉరికింది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా కుర్చీల్లో ముందుకు వంగారు. రోజూ గడ్డానికి వచ్చే బస్సు కండక్టరైతే చేతి అద్దం తీసుకుని సీసాకు మూడో వైపు కూడా పెట్టాడు.

"పౌరుషం చూడు అన్నా. మీ నాన్నకి తగ్గ చేప దొరికింది" అన్నాడు.

అందరూ నవ్వారు. చిన్న కత్తెర కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత దుకాణంలో నవ్వు తండ్రి మీద నుంచి ఇంకోదాని మీదికి మళ్ళింది. ఆ మాత్రానికే ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడూ చేతి అద్దం అడిగి తీసుకునేవాడే. చేప ఎవరినీ నిరాశపరచలేదు.

తండ్రి ఒక్కడే నవ్వలేదు. "పాపం, కాసేపు కూర్చోమనరా వాణ్ణి" అన్నాడు.

కొన్ని వారాలకు చేప నెమ్మదించింది. ఉరకడం తగ్గింది. సీసా అడుక్కి చేరి పక్కకు వాలి పడుకునేది. కాసేపటికి శ్రమపడి పైకి వచ్చి గుటక వేసినట్టు నోరు తెరిచి, మళ్ళీ రాయిలా కిందికి జారేది. వేసిన మేత గింజలు అలాగే తేలుతున్నాయి. ఒకరోజు చూస్తే ఎర్రటి తోక అంచు ఎవరో కొరికినట్టు చిరిగిపోయి ఉంది.

చిన్న కత్తెరకు చేపల గురించి తెలియదు, కానీ దయ ఉంది. తెలియని దయ ఎంత పనైనా చేస్తుంది. తినడం లేదని ఇంకా ఎక్కువ గింజలు వేశాడు, అవి అడుగున కుళ్ళాయి. నీళ్ళు మురికయ్యాయని పొద్దునా సాయంత్రం మొత్తం పారబోసి, కుళాయి కింద చల్లటి నీళ్ళు నింపాడు. వెంట్రుకలు పడుతున్నాయని, ఎలుక కొరుకుతోందేమోనని సీసాకు మూత బిగించాడు. ఆయన చేసిన ప్రతి మేలూ దాని ప్రాణం మీదికే వచ్చింది.

ఆ వారంలోనే తండ్రి నీళ్ళ స్ప్రే సీసా ఎత్తి అద్దంలో ముసలాయన మీదికి విసిరాడు. అద్దం పగిలింది. ఆపడానికి వెళ్ళేలోపే పగిలిన చోట చేత్తో కొట్టాడు. అరచెయ్యి తెగి నెత్తురు. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషి మెడలో గుడ్డతో సహా లేచి గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. చిన్న కత్తెర తండ్రి చేతికి కట్టు కట్టాడు, గాజు ముక్కలు ఊడ్చాడు, బయటికి వెళ్ళి వీధిలోనే ఆ మనిషికి మిగతా సగం గీశాడు.

సంగతి అక్కకు తెలిసింది. అక్క ఆసుపత్రి వార్డులో ఆయా. ఎందరి తండ్రులకో పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, సాయంత్రానికి తన ఒళ్ళు తను మోసుకుని ఇంటికి చేరే మనిషి. ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అలుపే ఉంది.

"తమ్ముడూ, ఇంక నీ వల్ల కాదు. మా ఆసుపత్రి వెనకే ముసలివాళ్ళ ఆశ్రమం ఉంది, మంచివాళ్ళు. నేనూ రోజూ వెళ్ళి చూస్తాను. నీ దుకాణం సెలవు అయిన మర్నాడు వస్తా. బట్టలు సర్ది ఉంచు."

"అక్కా..." అని చిన్న కత్తెర నీళ్ళు నమిలాడు.

"రేపు ఆ చెయ్యి ఇంకెవరి మీదైనా పడితే?"

ఫోన్ పెట్టేశాక మనసులో ఎక్కడో హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండూ నిజమే. ఈసురోమంటూ తండ్రి పక్కన కూర్చుంటే, తండ్రి కట్టు ఉన్న చేత్తో ఆయన మోకాలు తట్టి, "అలిసిపోయావు. కాసేపు కూర్చో, నేను చూసుకుంటాలే" అన్నాడు.

సెలవు రోజున ఏదో ఒకటైనా కాపాడుకుందామన్నట్టు చిన్న కత్తెర సీసా చంకన పెట్టుకుని, తండ్రిని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ చేపల దుకాణానికి వెళ్ళాడు. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. తొట్లలో మాత్రమే దీపాలు. దుకాణం నడిపే ఆవిడ సన్నటి మనిషి, మోచేతుల దాకా తడి. పొద్దుటి నుంచి వందమందికి ఇదే చెప్పి విసిగిన మొహంతో సీసా అందుకుంది.

"ఏం చేశారండీ దీన్ని?"

"ఏం చెయ్యలేదమ్మా. తోక ఎలుక కొరికినట్టుంది."

"ఎలుకకి ఇంక పనిలేదా. ఇది తన తోక తనే కొరుక్కుంది." సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. మూత తీసి వాసన చూసింది. "పౌడరు వాసన. ఎక్కడ పెట్టారు?"

"మా సెలూన్లో."

ఆవిడ సీసా దించింది. "అద్దాల మధ్యా?"

చిన్న కత్తెర తలూపాడు. అందరూ చేతి అద్దం పెట్టి ఆడిస్తారని, అది ఉషారుగా ఉందని అనుకున్నామని చెప్పబోయి సగంలో ఆపేశాడు. తను చెబుతున్నది తన చెవికే తప్పుగా తోచింది.

"ఉషారు కాదండీ, యుద్ధం. రెండు మగవి ఎదురుపడితే కాసేపు రెక్కలు విప్పి బెదిరించుకుంటాయి. చోటుంటే ఏదో ఒకటి తగ్గి పక్కకి పోతుంది, రెండోది ఊపిరి పీల్చుకుంటుంది. అద్దంలోది తగ్గదు కదా. ఇది రెక్క విప్పితే అదీ విప్పుతుంది. ఇది అలిసిపోయి ఊరుకుంటే అదీ అక్కడే ఉండి చూస్తుంటుంది. ఎప్పుడైనా ఓ నిమిషం అద్దం చూపించి తీసేస్తే ఏం కాదు. పగలంతా చూపిస్తే దీనికి కునుకెక్కడిది, తిండెక్కడిది? చివరికి ఏం చెయ్యాలో తోచక తననే కొరుక్కుంటుంది."

చిన్న కత్తెర చేప వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, అడగకూడనిదేదో అడుగుతున్నవాడిలా అడిగాడు.

"అది నువ్వేనే అని దీనికి తెలిసే దారేం లేదా అమ్మా?"

వేళాకోళమేమో అని ఆవిడ ఆయన మొహం పరీక్షగా చూసింది. కాదని అర్థమై గొంతు కాస్త తగ్గించింది.

"చేపకి ఏం చెప్తారండీ. అద్దం తీసెయ్యాలి."

చిన్న కత్తెర వెనక్కి తిరిగాడు. గోడవారగా స్టూలు మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో ఉంది. చిన్న చిన్న చేపలు గుంపుగా తిరుగుతుంటే వాటితోపాటు ఆయన తల మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా గొంతు లేవలేదు. ఆ పెద్దాయన ఊసే రాలేదు. ఇంట్లో గంగిగోవులా ఉంటారని భార్య అన్న మాట గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది స్నానాల గదిలో అరచేతంత అద్దం, అదీ మసకబారిపోయింది.

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఇది పైకి వచ్చి గాలి పీల్చుకునే చేపట, మూత వేస్తే సందు ఉండాలట, నీళ్ళ మీద పౌడరూ స్ప్రే తెట్టు కడితే ఊపిరాడదట. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందు ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే ఈ చుక్కలు కలిపాకే పొయ్యాలట. మొత్తం నీళ్ళు ఎప్పుడూ మార్చకూడదు, వారానికోసారి కాస్త తీసి కాస్త పొయ్యాలి, అదీ గోరువెచ్చగా, లోపలి నీళ్ళ వెచ్చదనానికి సరిగ్గా. ఈ సీసా పనికిరాదు, తొట్టి కావాలి, చిన్న హీటరు కావాలి. గింజలు రెండో మూడో, తినకపోతే తీసెయ్యాలి. పడుకోవడానికి వెడల్పాటి ఆకున్న మొక్క ఒకటి. "మనలాగే వీటికీ నడుం వాల్చాలనిపిస్తుంది. ఆకు మీద పడుకుంటే చచ్చిపోయిందని కంగారుపడి కదిలించకండి" అంది.

"బతుకుతుందా?"

"తోక మళ్ళీ వస్తుంది. ఇదివరకటంత ఉండకపోవచ్చు. ముందు దాన్ని విశ్రాంతిగా ఉండనివ్వండి."

చిన్న కత్తెర ఇంటికి వెళ్ళలేదు. తొట్టీ హీటరూ చుక్కలమందూ మొక్కా కొని మోసుకుని, తండ్రితో సహా నేరుగా సెలూనుకు వెళ్ళి షట్టరు సగం ఎత్తాడు. గిరాకీల మెడకు కట్టే తెల్ల గుడ్డలన్నీ బయటికి తీశాడు. స్టూలు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, క్లిప్పులతో ఒక్కో అద్దం మీదా గుడ్డ వేలాడదీశాడు. మోకాళ్ళు మొరాయించాయి. గుమ్మం పక్కన, తండ్రి కుర్చీకి కనపడని ఒక్క అద్దం మాత్రం వదిలి, మిగతావన్నీ మూసేశాడు. పౌడర్లూ స్ప్రేలూ ఆ గుమ్మం దగ్గరికి మార్చాడు. తొట్టిలో నీళ్ళు సిద్ధం చేసి, చేపను మెల్లగా అందులోకి జారవిడిచాడు. చేతి అద్దాన్ని సొరుగులో అడుక్కి తోసేశాడు.

చేప ఒక మూలకు పోయి చాలాసేపు కదలకుండా ఉంది. దేన్నో ఎదురుచూస్తున్నట్టు మొప్పలు సగం విప్పింది. ఎవరూ రాలేదు. మొప్పలు మూసుకుంది.

తండ్రి తన కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న తెల్ల గుడ్డను చూశాడు. చిన్న కత్తెర ఊపిరి బిగపట్టాడు. తండ్రి ఇటు చూశాడు, అటు చూశాడు, కాళ్ళు చాపుకున్నాడు. కాసేపటికి గడ్డం గుండెకు ఆని గుర్రు వినపడింది. ఆ కుర్చీలో ఆయన నిద్రపోవడం చిన్న కత్తెర ఎప్పుడూ చూడలేదు.

చిన్న కత్తెర నేల మీదే చతికిలబడ్డాడు. అది నువ్వే, అది నువ్వే అని ఎన్ని నెలలు ఆ మనిషిని పోరుపెట్టాడు. చేతి అద్దం తెచ్చి మరీ మొహం మీద పెట్టాడు. ఇంత చిన్న పని, నాలుగు గుడ్డలు. తండ్రి లేస్తాడేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు మొదట వచ్చింది కండక్టరే. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటన్నా, సున్నాలు వేయిస్తున్నావా?"

"లేదు. ఇకనుంచి ఇంతే."

"వెనక అద్దం లేకపోతే నువ్వు వెనక గుండు గీసినా మాకు తెలిసేదెలా?"

"ఇంటికెళ్ళాక మీ ఆవిడ చెప్తుంది. కూర్చో."

కండక్టరు కూర్చున్నాడు. చేతి అద్దం కోసం గట్టు మీద తడిమి, తొట్టిలో ఆకు మీద వాలి ఉన్న చేపను చూసి, ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఇద్దరు లోపలికి తొంగిచూసి పెదవి విరిచి వెళ్ళిపోయారు. వెళ్ళనీ అనుకునేంత ధైర్యం చిన్న కత్తెరకు లేదు. బాధగానే చూశాడు. కానీ పిలవలేదు.

అక్క వచ్చేసరికి కండక్టరుకు చెవుల దగ్గర కత్తెర ఆడుతోంది. ఆమె చేతిలో ఖాళీ సంచీ ఉంది, తండ్రి బట్టలకని తెచ్చింది. గుడ్డలు వేలాడుతున్న గోడలను చూసి తమ్ముడికి కూడా మతి పోయిందా అన్నట్టు నిలబడింది. ఏదో అడగబోతే చిన్న కత్తెర కళ్ళతోనే ఆగమన్నాడు. తండ్రి పక్కనున్న బల్ల చూపించాడు.

తండ్రి ఆమెను చూసి మర్యాదగా కాళ్ళు దగ్గరకు తీసుకున్నాడు. "రా అమ్మా, కూర్చో. పొద్దున్నుంచీ నిలబడే పనిలా ఉంది, కాళ్ళు వాచాయి." కూతురని తెలిసి అన్నాడో తెలియక అన్నాడో. ఆమె కూర్చుంది. తన కాళ్ళ వైపు చూసుకుంది.

తండ్రి తెల్ల గుడ్డ వైపు చూస్తూ, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నుదురు ముడిచాడు.

"ఒరేయ్, ఆ పెద్దాయన వెళ్ళిపోయాడా?"

చిన్న కత్తెర చేతిలో కత్తెర ఆగింది. "వెళ్ళిపోయాడు నాన్నా."

"గడ్డం గీసి పంపావా?"

"గీశాను."

"మంచిపని చేశావు. కోపిష్ఠి మనిషే గానీ, పాపం, రోజంతా ఇక్కడే కూర్చునేవాడు. తీసుకెళ్ళడానికి ఎవరూ లేరేమో అనుకున్నా. అడుగుదామంటే నోరు విప్పేవాడు కాదు."

చిన్న కత్తెర కండక్టరు భుజాల మీద వెంట్రుకలు దులిపాడు. కండక్టరు మెడ వంచుకుని కదలకుండా కూర్చున్నాడు. తొట్టిలో చేప ఆకు మీద నుంచి లేచి, పైకి వచ్చి ఒక గుటక గాలి పీల్చుకుని, మళ్ళీ ఆకు మీద వాలింది.

అక్క తండ్రి చేతి కట్టును సరిచేసింది.

"ఉన్నారు నాన్నా. వాళ్ళబ్బాయి వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు" అంది. ఒళ్ళో సంచీని మడిచి మడిచి చిన్నది చేసి, బల్ల కిందికి తోసేసింది.